పాత నాణెం దొరికిందా? ముందు తోమకండి!

"బ్రో, మా ఇంట్లో పాత నాణెం ఉంది, లక్షలు వస్తాయా?" మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే. జవాబు చెప్పేముందు నేను చేసిన ఒక వెధవ పని చెప్తాను.

నేనింకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు, మా నాయనమ్మ ట్రంకు పెట్టెలోంచి ఒక చార్మినార్ రూపాయి తీసి ఇచ్చింది. నిజాం కాలం నాటి వెండి నాణెం. నల్లగా ఉంది. నేనేం చేశానంటే, చింతపండు, ఉప్పు వేసి పాత టూత్‌బ్రష్‌తో తళతళ మెరిసేదాకా తోమేశాను. తర్వాత ఒక డీలర్‌కి చూపిస్తే, ఆయన భూతద్దం పెట్టి, లైట్ కింద కొంచెం వంచి చూసి, "తోమేశావు కదా బాబూ" అన్నారు. వెండి బరువుకి ఎంతొస్తే అంతే ఇస్తానన్నారు.

నాయనమ్మకి చెప్తే, "నేను అరవై ఏళ్లు దాచింది అరగంటలో పాడుచేశావు కదరా" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అసలు ఏం జరిగిందంటే, ఆ నలుపు మురికి కాదు. గాల్లో ఉండే సల్ఫర్‌తో వెండి కలిసి ఏర్పడిన పొర. దాన్ని బ్రష్‌తో గీకితే సన్నని గీతలు పడతాయి. దీనికి అన్‌డూ బటన్ లేదు!

ఇప్పుడు గ్రేడ్ సంగతి. ప్రపంచమంతా వాడేది 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేల్. 60, ఆపైన వస్తే అసలు చేతులు మారి అరగని నాణెం. 60 లోపు అంటే అరుగుదల ఉన్నట్టు. ముందు ఎత్తుగా ఉన్న చోట్లు చూడండి. అరుగుదల అక్కడే మొదలవుతుంది. తోమిన నాణేనికి గ్రేడింగ్ కంపెనీలు మామూలుగా నంబరే ఇవ్వవు.

విలువ తేల్చేవి మూడు: ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎంతమందికి కావాలి. ఎంత పాతది అన్నదొక్కటే సరిపోదు. ఆరో జార్జి వెండి రూపాయిల్లో 1938 కంటే 1939 చాలా అరుదు. అందుకే 8ని 9గా మార్చేసే మోసగాళ్లున్నారు. సంవత్సరం అంకెని లెన్స్‌తో చూడాల్సిందే.

చార్మినార్ రూపాయి ఉంటే ఒకసారి తూకం వేయండి. దాదాపు 11.18 గ్రాములు రావాలి. తేడా బాగా ఉంటే అనుమానించండి. గుమ్మం మధ్యలో ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం.

చివరిగా, ముఖ్యమైనది. "మీ నాణేనికి పది లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేసేయండి. పాత నాణేల మీద కమీషన్ వసూలు చేయడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే చెప్పింది. కొనేవాడు డబ్బులిస్తాడు, అడగడు. అంతే లాజిక్.

నాయనమ్మ రూపాయి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అమ్మలేదు, అమ్మను. ఈరోజే మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పెట్టె తీయించండి. నాణేన్ని అంచులు పట్టుకుని చూడండి, ఫొటో తీయండి, తోమకండి.