కడుపులోని దిగులు



పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే జబ్బు ఇది. రేడియోలో అయితే ఒకరి మొగం ఒకరికి కనబడదు గదా, అందుకని ధైర్యంగా మాట్లాడుతున్నాను.

ధర్మవరంలో పెళ్ళి ఉందంటే ముందురోజునుంచే అన్నం మానేసేవాళ్ళు మనలో ఉన్నారు. బస్సెక్కాలంటే కడుపులో మెలిపెడుతుంది. ఒకనాడు విరేచనాలు, నాలుగునాళ్ళు మలబద్ధకం, ఆపైన ఉబ్బరం. పరీక్షలు చేయిస్తే ఏమీ లేదంటారు. "అంతా నీ మనోవ్యాధి" అని ఇంట్లోవాళ్ళు తీసిపారేస్తారు. నొప్పి మాత్రం నిజం. వైద్యులు దీన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పొట్టిగా ఐ.బి.ఎస్. అంటారు. మన ఊళ్ళలో అన్నిటికీ ఒకటే పేరు, గ్యాసు!

పేగు గోడల్లో నరాల అల్లిక ఉంది. అది మెదడుతో ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటుంది. జూలై వచ్చినా వాన జాడ లేక, చెనిక్కాయ విత్తనం ఇంట్లోనే ఉండి, అప్పిచ్చినవాడు గడప తొక్కితే, పేగు బిగుసుకుంటుంది, లేదా పరుగెత్తుతుంది. ఆ బాధతో మళ్ళీ దిగులు. గానుగెద్దు తిరిగినట్టే.

మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ, వీటిలో ఏది ఉన్నా నా ప్రసంగం కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఐ.బి.ఎస్. అని డాక్టరు తేల్చాక మన చేతిలో పని చాలా ఉంది. పిల్లల పాత నోటుబుక్కులో రెండువారాలు రాయండి: ఏం తిన్నాం, ఎప్పుడు నొప్పి, ఆనాడు మనసులో ఏముంది. అన్నాళ్ళూ సంగటిని తిట్టుకుంటే, తీరా తప్పు నాలుగు లోటాల టీది కావచ్చు. అన్నీ ఒక్కసారే మానేయకండి, ఈ కరువుసీమలో తినేదే కొంచెం. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ నీళ్ళు ఎక్కువగా పోసుకుని తాగితే మేలు. తవుడు ఉబ్బరాన్ని పెంచవచ్చు. పొద్దున అందరి క్యారియర్లు సర్ది మన కడుపును ఆఖరున పెట్టే అలవాటొకటుంది. ఆ పదినిమిషాలు ముందు మీకోసం తీసుకోండి.

ఇంగ్లండులో 558 మందితో జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఫోనుద్వారా, కంప్యూటరుద్వారా ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పితే మామూలు వైద్యంకన్నా ఎక్కువ ఉపశమనం కలిగింది. "బస్సులో పరువు పోతుంది" అనే భయాన్ని కూడా కొంచెం కొంచెంగా ఓడించాలి. అనంతపురంనుంచి మొదట బుక్కరాయసముద్రందాకా వెళ్ళి రండి. ధర్మవరం తర్వాత చూద్దాం.

దిగులు మాత్రలు డాక్టరు రాస్తే "పిచ్చిమందులు" అని పారేయకండి. తక్కువ మోతాదులో అవి పేగు నొప్పికీ పనిచేస్తాయి. బతుకు మీదే విసుగు పుడితే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ, ఖర్చులేదు, తెలుగులో మాట్లాడవచ్చు. అర్ధరాత్రయినా సరే, ఫోను పక్కింటివాళ్ళదయినా సరే.