నదీగర్భపు జమాఖర్చు



పారు నీరు మాలిన్యమును తానే కడిగికొనిపోవునని సామాన్యముగా తలంతుము. ఇది సగము సత్యము. తక్కిన సగము నదియడుగున బురదలో నున్నది.

అమెరికాలోని హడ్సన్ నదిని దృష్టాంతముగా గైకొందము. దాని యొడ్డునగల జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీవారి రెండు కర్మాగారములనుండి 1947 మొదలు 1977 వరకు పీసీబీలను రసాయనములు నదిలో కలసెను. ఆ మొత్తము 13 లక్షల పౌనులవరకు నుండవచ్చునని అంచనా. ఈ పదార్థము నీట సులభముగా కరగదు. మట్టిరేణువుల నంటి అడుగునకు దిగును. అచ్చటినుండి పురుగులకు, పురుగులనుండి చేపలకు, చేపలనుండి మనుష్యులకు సంక్రమించును. మెట్టు మెట్టునకు దాని పాలు హెచ్చును. కావుననే 1976లో న్యూయార్కు రాష్ట్రము ఎగువనదిలో చేపలు పట్టుటను నిషేధించెను.

ఆ బురదను త్రవ్వితీయవలెనా? క్రొత్తమట్టి దానిని కప్పువరకు వేచియుండవలెనా? త్రవ్వినచో విషము కదలును; ఊరకున్నచో తరములు గడచిపోవును. ఈ సంశయమును తీర్చుకొనుటకు కంప్యూటరుతో నదికొక గణితరూపమును నిర్మించిరి.

వ్యాకరణము చెప్పి వృద్ధుడనైన నాకును దీని మూలసూత్రము సుబోధముగనే యున్నది. అది మన యింటి జమాఖర్చు వంటిది. నదిని గదులుగా విభజింతురు: నీటికి కొన్ని, క్రింది బురదపొరలకు కొన్ని. ప్రతి గదిలోనికి వచ్చిన విషమెంత, ప్రవాహముతో పోయినదెంత, రేణువులతో దిగినదెంత, వరదకు మరల లేచినదెంత, గాలిలో కలసినదెంత యని పద్దు వ్రాయుదురు. శేషించినది నిల్వ. దశాబ్దములకు సరిపడు నిట్టి పద్దులను చేతితో వ్రాయుట దుష్కరము, యంత్రమునకు సుకరము. అయినను గడచిన యేండ్ల కొలతలతో లెక్క సరిపడిన పిమ్మటనే రాబోవు కాలమును గూర్చి దాని నడుగవలెను.

2002లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ త్రవ్వుటకే నిశ్చయించెను. 2009 మొదలు 2015 వరకు 26 లక్షల ఘనగజములకు పైగా బురదను తీసివేసిరి. కాని త్రవ్వకమునకు ముందు అడుగునుండి తీసి పరీక్షించిన మట్టిలో, పైపొరయందలి విషము గణితము ఊహించినదానికంటె నధికముగా కన్పడెను.

ఇందుచే గణితము వ్యర్థమనరాదు. తర్కశాస్త్రమున అనుమానము ప్రత్యక్షము నాశ్రయించియే నిలుచును. పొగను చూడక నిప్పు నూహింపలేము. ఇచ్చటను అంతే. యంత్రము చేయునది అనుమానము. నదిలో దిగి మట్టి తీయువాడు తెచ్చునది ప్రత్యక్షము. రెండవది కొరవడిన మొదటిది కేవలము కల్పన యగును.

కావున ఏ నదిని గూర్చియైనను నీరు తేటపడినదని యెవరైన చెప్పినచో, అడుగుమట్టిని ఎపుడు, ఎన్నిచోట్ల పరీక్షించితిరని యడుగుడు. మీన మెరుగును ఆ బదులు. దానిని తినువాడును ఎరుగవలెను గదా.