తిమింగిలముల దాంపత్యము, సంతానము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



2023 జులై మాసమున శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమునందలి మేఘవరము తీరమునకు నీలి తిమింగిలమొకటి కొట్టుకొనివచ్చి పడినది. దాని నిడివి సుమారు 25 అడుగులని పత్రికలు ప్రకటించినవి. చూడవచ్చిన జనము అంత పెద్ద జంతువు గలదా యని విస్మయము నొందిరి. కాని ఆ జాతిలో ఎదిగినది 80, 90 అడుగులుండును. అప్పుడే పుట్టిన కూనయే 23 అడుగులు. పత్రికల కొలత సరియైనచో ఆ యిసుకపై పడినది మహాజంతువు కాదు, తల్లి పాలు మరువని పసిబిడ్డ.

సముద్రము మొగము చూడని నల్లగొండ, పాలమూరు మెట్టగ్రామములవారికి తిమింగిలముతో నేమి పని యని కొంద రడుగవచ్చును. పాలమూరు సీమను ఒరసికొని, నాగార్జునసాగరము దాటి పోవు కృష్ణమ్మ హంసలదీవి చెంత కలియునది ఆ సముద్రముననే గదా! అంతకంటె పెద్ద శంక మరియొకటి గలదు. స్త్రీలు, పిల్లలు కూర్చున్న సభలో గర్భాధానాది విషయములు ముచ్చటింప వచ్చునా యని. ఎదకు వచ్చిన బర్రెను దున్న కడకు తోలుకొనిపోవుట, చూలు నిలిచినదో లేదో చూచుట, ఈనునాడు రాత్రియంతయు కొట్టములో దీపము పెట్టుకొని కాచియుండుట మన యిండ్లలో ఆడవారు, మగవారు, పిల్లలు అందరు నెరిగినదే. కొట్టములో సిగ్గు కానిది గ్రంథాలయములో సిగ్గు కానేరదు.

తిమి యనగా పెద్ద చేప. దానిని మ్రింగునది తిమింగిలము. దానిని గూడ మ్రింగునది తిమింగిలగిలము. అమరసింహుడు తన కోశమున తిమింగిలమును మత్స్యములతో జేర్చినాడు. ఆ కాలమునకు అది దోషముగా నెంచదగదు. అయితే యవన దేశమున అరిస్టాటిల్ అనునతడు అంతకు మునుపే ఈ జాతి గాలి పీల్చునదియు, పిల్లలను గని పాలిచ్చునదియు నని వ్రాసియుంచెను. అయినను ఐరోపా పండితులు దానిని చేపలలోనే లెక్కించుచు వచ్చిరి. 1758లో లినేయస్ క్షీరదములలో జేర్చిన పిమ్మటగాని వివాదము చల్లారలేదు.

ఇక వాని పుట్టుపూర్వోత్తరములు వినుడు. ఏ. రంగారావు అను భారతీయ భూగర్భ శాస్త్రజ్ఞుడు జమ్మూ కాశ్మీరమునందలి కాలాకోట్ ప్రాంతమున కొన్ని రాళ్ళు సేకరించి, వానిలోని యొక జంతువునకు 1971లో ఇండోహయస్ అని నామకరణము చేసెను. ఆయన అనంతరము ఆ రాళ్ళను పరిశీలించిన థెవిసెన్ బృందము 2007లో ఒక వింతను ప్రకటించినది. 4 కోట్ల 80 లక్షల యేండ్ల నాటి ఆ చిన్న గిట్టల జంతువు చెవి యెముక తిమింగిలముల చెవి యెముకను పోలియున్నది! అనగా ఆవు, బర్రె, మేకలకు తిమింగిలము దాయాది. బ్రతికియున్న జంతువులలో దానికి మిక్కిలి దగ్గరి చుట్టము నీటి గుఱ్ఱము.

ఈ చుట్టరికము జననాంగములలో స్పష్టముగా గానవచ్చును. కోడె శిశ్నము గట్టి నారతో గూడి, లోపల పామువలె మెలిక తిరిగి యొదిగియుండునని పశువుల బాగోగు లెరిగినవారు చెప్పుదురు. మగ తిమింగిలమునకును సరిగా నదే కట్టడి. వెలుపల నేమియు గానరాదు. పొట్ట క్రింద నొక చీలిక మాత్రముండును. లోపలి కండరము సడలినప్పుడు అంగము బయల్వెడలి, పిదప వెనుకకు లాగుకొనబడును. నీలి తిమింగిలమునందు దాని నిడివి 8 మొదలు 10 అడుగుల వరకు నుండును. నీటిలో వేగముగా పోవలసిన దేహమునకు వ్రేలాడునది యేదియు పనికిరాదు. కావుననే వృషణములు గూడ పొట్టలోనే యున్నవి.

ఇచ్చట నొక చిక్కు గలదు. వీర్యము నిలువవలెనన్న వృషణములకు చల్లదనము కావలెను. అందుకే కోడెకు, పొట్టేలుకు అవి వెలుపల వ్రేలాడును. వెచ్చని కండరముల నడుమ దాగిన తిమింగిల వృషణము లెట్లు చల్లబడును? వీపు రెక్కలోను, తోకలోను సముద్రపు నీటి తాకిడికి చల్లారిన రక్తము ప్రత్యేక నాళములగుండ వృషణముల చెంతకు వచ్చి, అచ్చటికి పోవు వేడి నెత్తురును చల్లార్చును. డాల్ఫినులపై చేసిన పరిశోధనలలో 1990 దశకమున ఈ మర్మము బయటపడినది. ఆడు డాల్ఫినునందు ఈ యేర్పాటే గర్భాశయమును చల్లబరచును. ఏ కమ్మరి, ఏ వడ్రంగి ఇంత చక్కని పని చేయగలడు?

కాళ్ళు పోయిన జంతువునకు కటి యెముకలు రెండు చిన్న తునకలుగా మిగిలియున్నవి. అవి వ్యర్థములని చిరకాలము తలచిరి. కాని శిశ్నమును కదల్చు కండరములు వానికే అంటియున్నవి. ఏ జాతిలో మగవాని నడుమ పోటీ అధికమో ఆ జాతిలో ఈ యెముకలు పెద్దవని 2014లో తేలినది. ఆడుదాని యోని మార్గమున మడతలు పెక్కు గలవు. వాని ప్రయోజనముపై పండితులింకను వాదించుచున్నారు.

పోటీ యన్ని జాతులలో నొక తీరున నుండదు. రైట్ వేల్ అను జాతిలో మగవి కొట్లాడవు. ఒక్క ఆడుదానిని పెక్కు మగవి చుట్టుముట్టును. అది యిష్టము లేనప్పుడు వెల్లకిల తిరిగి పొట్టను గాలికెత్తును. అచ్చట గెలుపు కొమ్ములతో గాదు, వీర్యముతో. అందుచే ఆ మగదాని వృషణముల జత సుమారు పది క్వింటాళ్ళు తూగును. జీవకోటిలో అంతకు మించిన వృషణములు లేవు. (వేటకు తగినదను భావముతో వేటగాండ్రు దానికా పేరు పెట్టిరట! పేరులోనే ఉరి.) హంప్‌బ్యాక్ అను జాతి మగవి ఇందుకు భిన్నము. అవి యొండొంటిని తరుముకొనును, రాచుకొనును, నెత్తురు కారునట్లు పోరాడును; మరియు పాడును. ఒక సముద్రమందలి మగవన్నియు ఒకే పాట పాడును, ఆ పాట క్రమముగా మారుచు నుండును. పెయిన్, మెక్‌వే అను నిరువురు 1971లో ఈ జాతి పాటను లోకమునకు వెల్లడించిరి.

నీలి తిమింగిలము చూలు పదినుండి పండ్రెండు మాసములు. కనునది ఒక్క కూనను, అదియు రెండు మూడేండ్ల కొకసారి. చనుమొనలు చీలికలలో దాగియుండును. కూన మూతి తగిలినంతనే తల్లి కండరములు బిగించి పాలను పిచికారివలె చిమ్మును. మన బర్రె పాలలో వెన్న నూటికి ఏడెనిమిది పాళ్ళు. ఆ పాలలో 35కు మించియే యుండును. కూన దినమునకు 90 కిలోల చొప్పున పెరుగును. మేఘవరపు బిడ్డకు ఆ పాలే కరవైనవో, మరేమి యాపద వచ్చినదో తల్లికే తెలియవలెను.

ఇంత నిదానముగా కనెడి జాతి నుండి ఎంత తీసికొనవచ్చును? వడ్డీ మాత్రమే. కాని ఇరువదవ శతాబ్దమున వేట ఓడలు అసలునే తినివేసినవి. సుమారు 29 లక్షల తిమింగిలములు హతమైనవి. మన పడమటి సముద్రమున జరిగిన దొకటి ప్రత్యేకముగా వినదగినది. అరేబియా సముద్రపు హంప్‌బ్యాకులు తక్కిన వానివలె దూర ధ్రువములకు వలస పోవు. ఏడాది పొడుగున అచ్చటనే యుండును. 1966 నవంబరులో సోవియట్ ఓడలు నియమములను కాలదన్ని అచ్చట 238 హంప్‌బ్యాకులను చంపినవి; అంతకు ముందటి యేడు 4. లోకమునకు చూపిన లెక్కలు దొంగ లెక్కలు. చిట్టా తప్పుగా వ్రాయుట సామాన్య దోషము కాదు. ఉన్నది లేదని వ్రాసిన కలము, చంపిన ఈటెతో సమానము.

అయితే ఆ ఓడలలోని జీవశాస్త్రజ్ఞులు నిజమైన లెక్కలను భద్రముగా దాచిరి. 1997లో మిఖలేవ్ అను శాస్త్రజ్ఞుడు వానిని ప్రకటించెను. చంపబడిన తల్లుల గర్భములలోని శిశువుల కొలతలు గూడ అందున్నవి. ఆ కొలతలు ఉత్తరార్ధ గోళపు ఋతుక్రమమునకు సరిపోయినవి. దక్షిణ సముద్రములనుండి వచ్చినవైనచో గర్భముల వయస్సు వేరుగా నుండవలెను. కావున అవి యీ సముద్రముననే జత గట్టి, యీ సముద్రముననే కను వేరొక జాతిగుంపని రుజువైనది. దాదాపు 70 వేల యేండ్లుగా అవి తక్కినవానితో కలియలేదని 2014 నాటి పరిశోధన తెలిపినది. పుట్టని బిడ్డలే సాక్ష్యము చెప్పినవి.

ఒమాన్ తీరమున అట్టివి నూరుకు లోపే మిగిలినవని అంచనా. భారత వన్యప్రాణి చట్టము వానికి రక్షణ కల్పించినది. 2017 మార్చిలో గోవా తీరము చెంత నీటిలో దించిన యంత్రములకు హంప్‌బ్యాక్ పాట వినవచ్చినది. పాడునది మగదే గనుక, ఆ నీటిలో ఒక మగ తిమింగిలమైనను అప్పుడు జతను పిలుచుచుండెను.