ఫైళ్లు ఇల్లు మారితే

(ప్రాంతీయ కార్యాలయ సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం వింటేనే కొందరికి ఆవలింత వస్తుంది: సర్వర్ మారాక ఎక్సెల్ లింకులు సరిచేసుకోవడం. అయితే ఈమధ్య మీ ఇంటి బ్యాంకు ఉద్యోగి రాత్రి పది దాటాక వచ్చి, "నెంబర్లు కలవలేదు" అని ఒక్క మాట అని కంచం ముందు కూర్చుని ఉంటే, దాని వెనక ఈ విషయం ఉండే అవకాశం చాలా ఎక్కువ. అందుకే ఇంట్లోవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పాలని నా ప్రయత్నం.

ఒక రీజియన్‌లో నలభై బ్రాంచీలున్నాయనుకోండి. ఒక్కో బ్రాంచికి ఒక్కో ఎక్సెల్ ఫైలు, అన్నీ సర్వర్‌లో ఉంటాయి. వాటన్నిటినీ కూడే పెద్ద ఫైలు మరొకటి. దాని గడుల్లో అంకెలు టైపు చేయరు. "ఫలానా సర్వర్‌లో, ఫలానా ఫోల్డర్‌లో, ఫలానా ఫైల్లో, ఈ గడిలో ఉన్నది తెచ్చుకో" అని రాస్తారు. అదే లింకు. అంటే ప్రతి గడిలోనూ ఒక పూర్తి చిరునామా ఉంటుంది. సర్వర్ పేరు మారిన రోజున ఆ చిరునామాలన్నీ పాతబడిపోతాయి.

2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగుగా కలిసినప్పుడు ఖాతాదారుల కంటికి ఆనింది బోర్డులు, చెక్కుబుక్కులు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు. అలాంటి ప్రతి కలయిక వెనకా ఆఫీసు ఫైళ్లు కూడా కాపురం మారుస్తాయి. విలీనాలే అక్కర్లేదు, పాత యంత్రం తీసేసి కొత్తది పెట్టినా ఇదే కథ.

లింకు తెగితే తెరమీద ఎర్రర్ వస్తుంది, కనబడిపోతుంది కదా అనుకుంటారు. అది వస్తే అదృష్టం. చాలా సందర్భాల్లో రాదు. ఎక్సెల్ చివరిసారి తెచ్చుకున్న అంకెను తనలో దాచుకుంటుంది. ఫైలు తెరవగానే "అప్‌డేట్ చేయమంటారా, వద్దా" అని అడుగుతుంది. తొందరలో వద్దు అని నొక్కితే పాత అంకెలే పద్ధతిగా కూర్చుని ఉంటాయి. చూసేవారికి అనుమానం రాదు.

ఇంతకంటే గడుసుది ఇంకొకటుంది. ఒక కార్యాలయంలో జరిగింది చెబుతాను. కూడే ఫైలు ఒక అధికారి డెస్క్‌టాప్‌లో ఉండేది. బ్రాంచి ఫైళ్లు కొత్త సర్వర్‌కు వెళ్లాయి. జాగ్రత్త కోసం పాత సర్వర్‌ను మరికొన్ని వారాలు నడవనిచ్చారు. మంచి పనే. కానీ బ్రాంచీలు కొత్త అంకెలు కొత్త చోట నింపుతున్నాయి, డెస్క్‌టాప్ ఫైలు మాత్రం పాత సర్వర్ తలుపే తడుతోంది. ఆ తలుపు తెరుచుకుంటూనే ఉంది! అప్‌డేట్ నొక్కినా ఎర్రర్ లేదు. జూన్ త్రైమాసికం స్టేట్‌మెంట్ సిద్ధమైపోయింది, సంతకానికి వెళ్లబోతోంది. అప్పుడు ఒక క్లర్కమ్మ ఆగి అడిగింది: "సార్, ఏరువాక నెలలో ఈ మూడు బ్రాంచీల్లో పంట రుణాలు ఒక్క రూపాయి కూడా కదల్లేదా?" ఆమెది రైతు కుటుంబం. ఎక్సెల్ గురించి పెద్దగా తెలియకపోయినా, ఖరీఫ్ గురించి తెలుసు. తీరా చూస్తే ఆ మూడే కాదు, మొత్తం పాత నిల్వలే.

ఆ కాగితం వెళ్లిపోయి ఉంటే? ప్రాధాన్య రంగానికి 40 శాతం, అందులో వ్యవసాయానికి 18 శాతం అని మనకు లక్ష్యాలున్నాయి. ఇచ్చిన అప్పు ఇవ్వనట్టు కనబడితే సంజాయిషీ అడిగేది సర్వర్‌ను కాదు, సంతకం పెట్టిన మనిషిని. నెలల తర్వాత ఆడిట్‌లో బయటపడితే, అప్పటికి ఆయనకు బదిలీ అయి, పిల్లల స్కూలు కూడా మారి ఉంటుంది. ఆ ఉత్తరం కొత్త ఊరికే వస్తుంది.

పెద్ద బ్యాంకులకూ ఇది తప్పలేదు. 2012లో జేపీ మోర్గాన్ లండన్ కార్యాలయంలో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. నష్టభయాన్ని లెక్కగట్టే నమూనాను చేత్తో కాపీ, పేస్ట్ చేసే ఎక్సెల్ షీట్ల మీద నడిపారనీ, ఒకచోట సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారనీ ఆ బ్యాంకు సొంత నివేదికే చెప్పింది. నష్టానికి కారణం అదొక్కటే అనను. కానీ షీట్ల గొలుసును ఎవరూ తిరిగి చూడకపోతే ఏమవుతుందో తెలుస్తుంది.

ఇక మరమ్మతు. మొట్టమొదట ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. డేటా అనే మెనూలో ఎడిట్ లింక్స్ ఉంటుంది, కొత్త వెర్షన్లలో దాని పేరు వర్క్‌బుక్ లింక్స్. అందులో ఈ ఫైలు ఎక్కడెక్కడి నుంచి తెచ్చుకుంటోందో జాబితా వస్తుంది. ఒక పేరు ఎంచుకుని, చేంజ్ సోర్స్ నొక్కి కొత్త చోట ఉన్న ఫైలును చూపిస్తే, దానికి సంబంధించిన గడులన్నీ ఒకేసారి మారిపోతాయి. నలభై బ్రాంచీలకు నలభైసార్లు ఓపిక లేనివారు ఫైండ్ అండ్ రీప్లేస్‌తో పాత సర్వర్ పేరు తీసి కొత్త పేరు పెట్టవచ్చు. నేనైతే ముందు ఒక్క గడిలో చేసి చూస్తాను. కొత్త చోట ఆ పేరుతో ఫైలు లేకపోతే, గడికొకసారి "ఫైలు ఎక్కడ" అని డబ్బా తెరుచుకుని విసిగిస్తుంది.

అక్కడే బ్రేక్ లింక్ అనే బటన్ కూడా ఉంటుంది. దాని జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. అది లింకును బాగుచేయదు, సూత్రాన్ని తుడిచి అంకెను మాత్రం మిగులుస్తుంది. అన్‌డూ కూడా పనిచేయదు. పంపేసిన స్టేట్‌మెంట్‌ను యథాతథంగా భద్రపరచడానికి, అదీ నకలు మీద అయితే సరే.

అన్నీ మార్చినా ఫైలు ఇంకా అప్‌డేట్ అడుగుతోందంటే, లింకు గడుల్లో కాక మరెక్కడో నక్కి ఉందని అర్థం. నేమ్ మేనేజర్‌లో, చార్టులో, డేటా వాలిడేషన్‌లో, కండిషనల్ ఫార్మాటింగ్‌లో వెతకండి. ఇంకొక తిరకాసు: సమ్ఇఫ్, కౌంట్ఇఫ్ వాడినచోట మూల ఫైలు మూసి ఉంటే చిరునామా సరిగ్గా ఉన్నా ఎర్రర్ చూపిస్తాయి. ఆ ఫైలు తెరిచి చూశాకే సర్వర్‌ను తిట్టండి.

చిరునామాలో జెడ్ డ్రైవ్, వై డ్రైవ్ అని అక్షరాలు రాస్తే, మీ యంత్రంలో జెడ్ పక్క సీటులో ఇంకేదో కావచ్చు. సర్వర్ పూర్తి పేరుతో రాయడం మేలు. ఇంకా మేలైనది, ఐటీ విభాగాన్ని అడిగి యంత్రం మారినా మారని ఒక ఉమ్మడి పేరు పెట్టించుకోవడం.

మార్పిడికి ముందు రోజు ప్రతి స్టేట్‌మెంట్ మొత్తాన్ని కాగితం మీద రాసుకోండి. మార్చాక రూపాయి, పైసలతో సహా టాలీ చేయండి. ఆ తర్వాత కొత్త సర్వర్‌లోని ఒక బ్రాంచి నకలు ఫైల్లో ఒక అంకెను కావాలని మార్చి, కూడే ఫైల్లో కదిలిందో లేదో చూసి, మళ్లీ సరిచేయండి. టాలీ ఒక్కటీ చాలదు, పాత సర్వర్ నుంచి తెచ్చుకున్నా టాలీ అవుతుంది కాబట్టి.

చివరగా ఇంటి సంగతి. మన ఇళ్లలో చాలామంది డిపాజిట్లు, బీమా, పిల్లల ఫీజులు వేర్వేరు ఎక్సెల్ ఫైళ్లలో రాసి, ఇంకొకదానికి లింకు పెడతారు. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఇంటికి ఇన్ని ఫైళ్లు అనవసరం, ఒకే ఫైల్లో వేర్వేరు షీట్లు చాలు. విడిగా ఉంచాల్సిందే అంటే అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ల్యాప్‌టాప్ మారినప్పుడు ఫోల్డర్ మొత్తాన్ని తరలించండి. కలిసి కదిలిన ఫైళ్ల లింకులు సాధారణంగా తెగవు. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు మాత్రం అందులో రాయకండి. ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఇంట్లో రెండో మనిషికి ఈ రాత్రే చూపించండి, ఏ డిపాజిట్‌కు నామినీ ఎవరో కూడా.

ప్రశ్నలుంటే అడగండి. వడ్డన మొదలవడానికి ఇంకా పది నిమిషాలుందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు.