బరువైన లెన్సు, భుజబలం

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్లు కట్టే కాలం. పిల్లలకు మేత తీసుకుని పులికాట్ సరస్సు వైపు నుంచి ఒకటి వస్తోంది. మీ చేతిలో 600 మిల్లీమీటర్ల పెద్ద లెన్సు. కెమెరాతో కలిపి దాదాపు 4 కిలోలు. ఎత్తిన పది సెకన్లు ఏమీ అనిపించదు. కాసేపటికి భుజం మండుతుంది, వ్యూఫైండర్‌లో పక్షి ఊగుతుంది. నిజానికి ఊగేది మనమే!

నిండు బిందెను ఎవరూ చేయి చాచి మోయరు, నడుముకు ఆన్చుకుంటారు. లెన్సూ అంతే. ఎడమ అరచేయి లెన్సు కింద, మోచేతులు డొక్కలకు ఆనించి, కాళ్లు కాస్త ఎడంగా. ఊపిరి మెల్లగా వదులుతూ బటన్ నొక్కాలి.

సాధనకు జిమ్ము అక్కర్లేదు. సంచిలో లీటరు నీళ్ల సీసా వేసి, ఫొటో తీసే భంగిమలోనే 20 సెకన్లు పట్టుకోండి. దించండి, ఆగండి, మళ్లీ ఎత్తండి. ఐదారుసార్లు, రోజు విడిచి రోజు. వారాలు గడిచేకొద్దీ బరువు పెంచండి. కండ మంట వేరు, కీలు పోటు వేరు. పోటు వస్తే ఆపేయాల్సిందే.

అన్నట్టు, పక్షి దూరాన ఉండగానే లెన్సు ఎత్తేసి అలసిపోతాం, నేనూ అంతే. కంటితో చూస్తూ ఉండండి. గూటి వైపు మళ్లాక ఎత్తినా సరిపోతుంది.