అపార్టుమెంటు కింద బకాలా



రాజకీయ వేదిక మీద కిరాణా కొట్టు గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు నవ్వారు. నవ్వినా ఫర్వాలేదు. కువైట్‌లో ఎవరింటికి ఉప్పూ పప్పూ ఎంత దూరంలో దొరకాలన్నది ఎవరో ప్లాను గీసి నిర్ణయించిన సంగతే.

1952లో మినోప్రియో, స్పెన్స్‌లీ, మాక్‌ఫర్లేన్ అనే బ్రిటిష్ ప్లానర్లు పాత ఊరి గోడ బయట కొత్త పేటలకు రూపమిచ్చారు. ప్రతి పేటకూ మధ్యలో బడి, మసీదు, అంగళ్లు. 1962లో సహకార సంఘాల చట్టం వచ్చింది. మనం జమియా అని పిలిచే దుకాణం కైఫాన్ లాంటి పేటల్లో అప్పుడే మొదలైంది. వాటాదారులు ఆ పేటలోని కువైటీ పౌరులే. కొన్న సరుకును బట్టి లాభంలో వాటా కూడా వస్తుంది. మెచ్చుకోదగ్గ ఏర్పాటే. కాని అది విల్లా, కుటుంబం, కారు అనే లెక్కలో పుట్టింది.

మనవాళ్లు ఎక్కువగా ఉండేది సాల్మియా, ఫర్వానియా, ఖైతాన్, మహబూలాల్లో, అద్దె కోసం కట్టిన అపార్టుమెంట్లలో. కింద స్తంభాల మధ్య పార్కింగు, పైన ఫ్లాట్లు. అక్కడ మన బతుకు నడిపేది మూలనున్న బకాలా. రాయచోటి నుంచి వచ్చి రోజంతా యజమాని కారు నడిపే తమ్ముడికి సొంత కారు లేదు. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది. ఆ ఎండలో రెండు సంచులు పట్టుకుని ఎంత దూరం నడుస్తాడు? పైగా బకాలా అతను జీతం రోజు దాకా ఖాతా రాసుకుంటాడు. ఏ హైపర్ మార్కెట్టు రాస్తుంది? 2020 ఏప్రిల్లో జలీబ్, మహబూలాలను దిగ్బంధం చేసినప్పుడు మూడు నెలల పాటు ఆ పేటల లోపల ఉన్న కొట్లే గతి. అక్కడ ఉన్నవాళ్లకు నేను వేరే చెప్పనక్కర లేదు.

2024 జూన్ 12న మంగఫ్‌లో దాదాపు 200 మంది కార్మికులున్న భవనం తగలబడింది. 50 మంది దాకా చనిపోయారు, వారిలో అత్యధికులు భారతీయులు, ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వాళ్లు. మంట కింది అంతస్తులో పుట్టింది, పొగ మెట్ల మీదుగా పైకి పాకింది. అది బకాలాలో పుట్టిన మంట కాదు. అయినా ఇళ్ల కింద కొట్లు వద్దనే మాట మన మధ్య కూడా వినిపిస్తోంది. అది ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమే. కొట్టు ఉండాలి. దాని తలుపు రోడ్డు వైపే తెరుచుకోవాలి. కొట్టుకూ మెట్లకూ మధ్య నిప్పును ఆపే గోడ ఉండాలి. అట్టపెట్టెలు సిర్దాబులోనో మెట్ల కిందో పేర్చకూడదు. ఇదంతా ప్లాను గీసే రోజే తేలాల్సిన పని. తర్వాత హారిస్ మీద అరిచి లాభం లేదు.

ఇక్కడ మనకు ఓటు లేదు, చాలామందికి ఫ్లాటు కొనే వీలూ లేదు. మన దేశంలో ఓటుంది, అదీ విమానమెక్కి వెళ్లి వేయాలి! కాని కొనుగోలుదారులుగా మన మాటకు అక్కడ విలువుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లమే హైదరాబాదులో కోకాపేట, తెల్లాపూర్ వైపు ఎగబడి కొంటున్నాం. జిమ్ ఉందా, ఈతకొలను ఉందా అని అడుగుతాం. రోడ్డు పొడుగునా ప్రహరీ గోడే ఉంటే పాలప్యాకెట్టుకు ఎక్కడికి వెళ్లాలని అడగం. కడపలో పాత మేడల కింద వరసగా మడిగెలుంటాయి. తెలంగాణ మిత్రులు మల్గీలంటారు. మన అమ్మానాన్నలు సాయంత్రం నడిచి వెళ్లి కొత్తిమీర కొని, నలుగురితో మాట్లాడి వచ్చేది వాటి దగ్గరికే. పిల్లలు గల్ఫులో, పెద్దవాళ్లు పదో అంతస్తులో, సరుకులు ఫోనులో. దీనికేనా మనం కష్టపడుతున్నది?

ఈసారి ఇక్కడికి ఏ బిల్డరు వచ్చి స్టాలు పెట్టినా, రంగుల బ్రోచరు పక్కన పెట్టి మంజూరైన ప్లాను తీయమనండి. రోడ్డు వైపు మడిగె ఎక్కడ, రెండో మెట్లదారి ఎక్కడ, వేలు పెట్టి చూపమనండి. చూపించేదాకా చెక్కుబుక్కు బయటికి తీయకండి.