ఈ-రీడరా, టాబ్లెట్టా? గ్రామ గ్రంథాలయమునకు ఏది తగును?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమునకు పుస్తకమును తెచ్చుకొనుట మనకు క్రొత్త విద్య కాదు. 1914వ సంవత్సరముననే విజయవాడలో గ్రంథాలయముల మహాసభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపి, గట్టు వెంబడి ఊళ్లకు పుస్తకములను అందించిరి. నేడును ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నును వసూలు చేయుచున్నది మన పంచాయతీలే. నాడు పడవ ఎక్కి వచ్చిన పుస్తకము నేడు పలక వంటి యంత్రములో ఇమిడి వచ్చుచున్నది. అట్టి యంత్రములను కొనవలెనను ప్రతిపాదన మీ సభ ముందునకు వచ్చినపుడు వేనిని చూచి తీర్మానము చేయవలయునో మనవి చేయుటయే నా ఉద్దేశము.

రెండు జాతులు

అంగడిలో పేర్లు అనేకములు ఉన్నను జాతులు ముఖ్యముగా రెండే. మొదటిది ఈ-రీడరు. 2004లో సోనీ సంస్థ జపానులో విడుదల చేసిన లిబ్రియె, 2007లో అమెరికాలో 399 డాలర్లకు అమ్మిన అమెజాన్ వారి కిండిల్, 2009లో వచ్చిన నూక్, 2010లో వచ్చిన కోబో ఈ జాతివే. రెండవది టాబ్లెట్. 2010లో వెలువడిన ఆపిల్ వారి ఐపాడ్, తరువాత వచ్చిన ఆండ్రాయిడ్ టాబ్లెట్లు ఈ జాతివి.

ఈ-రీడరు తెరలో వెంట్రుక మందమంతటి సూక్ష్మమైన గుళికలు లక్షల కొలది ఉండును. ప్రతి గుళికలోను తెల్లని రేణువులు, నల్లని రేణువులు కలవు. విద్యుత్తు తగిలినపుడు వానిలో ఒక రంగువి పైకి తేలి, రెండవవి అడుగునకు పోవును. అక్షరము ఒకసారి ఏర్పడిన పిమ్మట పుట త్రిప్పువరకు విద్యుత్తుతో పని లేదు. అందుచేత ఒకసారి చార్జి చేసినచో, మితముగా చదువువారికి అది కొన్ని వారములు వచ్చును. కాగితము వలెనే ఎండలోను స్పష్టముగా కనబడును. అయితే ఇందు చలనచిత్రముల ఆట సాగదు. రంగుల ఈ-రీడర్లు ఇటీవల వచ్చినవి గాని వాని ధర హెచ్చు.

టాబ్లెట్ తెర తన వెలుగుతో తాను ప్రకాశించును. రంగులు, పాఠముల వీడియోలు, పటములు అన్నియు చూపును. కాని చార్జి గంటల లెక్కనే నిలుచును. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెర వెలవెలబోవును. చదువుటకు ఇచ్చిన యంత్రము ఆటవస్తువుగా మారుటకును అవకాశము కలదు.

చవక ఒక్కటే గుణము కాదు

2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో ఆకాశ్ టాబ్లెట్‌ను కేంద్ర ప్రభుత్వము విడుదల చేసినది. దాని కూర్పు మన హైదరాబాదులోనే జరిగినది. ప్రభుత్వమునకు పడిన ధర 2,300 రూపాయలకు లోపే. ఉద్దేశము ఉత్తమమైనదే. కాని మొదటి రకము తెరను గట్టిగా నొక్కినగాని పలుకదనియు, పని మందమనియు విద్యార్థులు చెప్పిరి. అందుచేత 2012 నవంబరులో మేలైన తెరతో రెండవ రకమును తేవలసి వచ్చినది. ఎద్దును కొనువాడు ధర ఒక్కటే అడుగడు. పళ్లు చూచును, నడక చూచును, కాడికి కట్టి చూచును. యంత్రము విషయమునను అంతే.

పుస్తకము ఎవరిది?

ఇది అన్నింటికన్న ముఖ్యమైన ప్రశ్న. యంత్రమును కొన్నంత మాత్రమున అందలి పుస్తకము మనది కాదు. 2009 జూలైలో జార్జి ఆర్వెల్ రచించిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ అను గ్రంథముల ప్రతులను, కొన్నవారి కిండిల్ యంత్రములనుండి అమెజాన్ సంస్థ దూరమునుండియే తొలగించినది. తమకు ఆ ప్రతులను సరఫరా చేసినవారికి హక్కు లేదని చెప్పి పైకము తిరిగి ఇచ్చినది. సంస్థాధిపతి పిదప క్షమాపణ కోరిరి. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఈ-పుస్తకముల దుకాణమును మూసివేయగా, పాఠకులకు డబ్బు తిరిగి వచ్చినది గాని పుస్తకములు నిలువలేదు. 2025 ఫిబ్రవరి 26 మొదలు, కొన్న కిండిల్ పుస్తకమును కంప్యూటరులోనికి దింపుకొని తీగ ద్వారా ఎక్కించు సదుపాయమును అమెజాన్ నిలిపివేసినది.

బీరువాలోని అచ్చుపుస్తకమును అమ్మినవాడు వచ్చి తీసికొనిపోలేడు. ఈ-పుస్తకమునకు అట్టి భరోసా లేదు. పైగా ఇట్టి దుకాణముల పుస్తకములు సాధారణముగా కొన్నవారి సొంత వాడుకకే గాని, ఊరందరికి ఎరువిచ్చుటకు కాదు. ఈ షరతును చదువకుండ పంచాయతీ సొమ్మును వెచ్చించరాదు.

అయినను నిరాశ పడనక్కరలేదు. మన దేశపు చట్టము ప్రకారము రచయిత గతించిన పిమ్మట 60 సంవత్సరములు గడచినచో, ఆయన జీవితకాలమున వెలువడిన రచనలు అందరివి అగును. 1915లో గతించిన గురజాడ అప్పారావు, 1919లో గతించిన కందుకూరి వీరేశలింగం గార్ల గ్రంథములు అట్టివే. తెలుగు వికీసోర్స్‌లో ఇట్టి గ్రంథములు ఉచితముగా లభించును. వానిని దింపుకొని ఒక ప్రతిని పంచాయతీ కంప్యూటరులో భద్రపరచుకొనినచో అవి ఎన్నటికిని ఊరివే.

కొనుటకు ముందు ఐదు పరీక్షలు

ఒకటి: తెలుగు పుస్తకమునే తెరచి చూడుడు. ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘జ్యోత్స్న’ వంటి పదములలో ఒత్తులు విరిగిపోక నిలుచునా? 2016 డిసెంబరులో కిండిల్‌పై ఐదు భారతీయ భాషల పుస్తకములను ప్రారంభించినపుడు ఆ మొదటి జాబితాలో తెలుగు లేదు. కావున అమ్మకందారు మాట చాలదు, కంటితో చూడవలెను.

రెండు: పాత పుస్తకముల పుటలను ఫోటో తీసిన పీడీఎఫ్ ప్రతిని తెరచి చూడుడు. ఆరు అంగుళముల తెరపై ఆ అక్షరములు చీమలవలె కనబడును. పెద్దవి చేసినచో పంక్తి తెర దాటిపోవును. అట్టి ప్రతులకు పది అంగుళముల తెర మేలు.

మూడు: ఇంటర్నెట్ లేకుండ, తీగ ద్వారా గాని మెమరీ కార్డు ద్వారా గాని మన సొంత ఈపబ్, పీడీఎఫ్ ప్రతులను ఎక్కించుకొనవచ్చునా?

నాలుగు: బ్యాటరీ నీరసించినపుడు, తెర పగిలినపుడు మరమ్మతు ఏ పట్టణమున జరుగును? గ్యారంటీ ఎంతకాలము? ఇవి కొటేషనులోనే వ్రాయించుకొనుడు.

ఐదు: కంటికి ఆపరేషను అయిన ఒక పెద్దకు, ఒక రైతుకు, తొమ్మిదవ తరగతి చదువు ఒక బాలికకు ఇచ్చి అరగంట చదివించి చూడుడు. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు చెప్పును.

నా సలహా

గ్రంథాలయమున కూర్చుండి కథలు, నవలలు, చరిత్రలు చదువు పెద్దలే ఎక్కువగా ఉన్నచో ఈ-రీడరు తగును. అక్షరమును పెద్దది చేసికొనుట వారికి గొప్ప ఉపకారము. విద్యార్థుల పాఠములకు, సేద్యపు వీడియోలకు, పాత పుస్తకముల ఫోటో ప్రతులకు పది అంగుళముల టాబ్లెట్ తగును. ఒకేసారి పది కొనక, రెండు జాతులలోను ఒక్కొక్కటి తెచ్చి మూడు నెలలు వాడుడు. ఎవరు ఎంతకాలము ఏమి చదివిరో రిజిస్టరులో వ్రాయించుడు. ఆ రిజిస్టరు చూచి తక్కినవి కొనుడు.

గ్రంథాలయమున అచ్చుపుస్తకముల పద్దును తగ్గించి యంత్రములు కొనుట మాత్రము తగదు. యంత్రము కొన్ని ఏండ్లకు పాతబడును. పుస్తకము మనుమల కాలమునకును పనికివచ్చును. తీర్మానముపై సంతకము చేయునపుడు ‘ఈ యంత్రము ఎంత?’ అను ప్రశ్నతో పాటు ‘ఇందలి పుస్తకము రేపు కూడ మన ఊరిదేనా?’ అని అడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు వచ్చిన యంత్రమునే ఎన్నుకొనుడు.